మన ఊరి రైతు సాయం ఎవరెవరికి అందింది? లబ్ధిదారుల జాబితాను తెప్పించుకుని చదివే పద్ధతి

వాయిదా సొమ్ము జమ అయిన మరునాడు గుంటూరు జిల్లాలో ఏ రైతు సేవా కేంద్రం దగ్గరకు వెళ్లినా రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి "నాకు పడలేదండీ" అన్నది. రెండవది, కాస్త గొంతు తగ్గించి అడిగేది: "ఆయనకెలా పడింది?" మొదటిది ఒక రైతు సొంత ఖాతాకు సంబంధించిన ఫిర్యాదు కనుక ఆధార్ కార్డు, పాసు పుస్తకం, ఫోను పట్టుకుని వెళితే అక్కడికక్కడే కారణం తెలుసుకోవచ్చు. రెండవది ఊరికంతటికీ సంబంధించిన ప్రశ్న. దానికి జాబితా కావాలి, జాబితాను చదవడం తెలియాలి, చదివిన తరువాత తొందరపడకుండా ఉండడమూ తెలియాలి. ఈ రెండింటినీ కలిపి ఒకే కాగితం మీద రాయడం వల్లనే మన అర్జీలలో చాలా భాగం ఎటూ తేలకుండా పోతున్నాయి. ఈ వ్యాసం ప్రధానంగా రెండవ ప్రశ్న గురించి.

ముందుగా ఏ సొమ్ము గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. ప్రస్తుతం మన రాష్ట్రంలో రైతు ఖాతాలో పడే పెట్టుబడి సాయానికి రెండు మూలాలు ఉన్నాయి. కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ సొమ్ము ఏడాదికి 6,000 రూపాయలు, 2,000 చొప్పున మూడు వాయిదాలుగా వస్తుంది. 2019 ఫిబ్రవరి 24న గోరఖ్‌పూర్‌లో ప్రారంభమైన ఈ పథకాన్ని 2018 డిసెంబరు 1 నుంచి వర్తింపజేశారు. మొదట రెండు హెక్టార్ల లోపు భూమి ఉన్న కుటుంబాలకే పరిమితం చేసి, కొద్ది నెలలకే ఆ హద్దును తొలగించారు. రెండవది రాష్ట్రం వాటా. 2019 అక్టోబరు నుంచి రైతు భరోసా పేరుతో కేంద్రం సొమ్ముతో కలిపి ఏడాదికి 13,500 రూపాయలు ఇచ్చారు. 2025 ఆగస్టు 2 నుంచి అన్నదాత సుఖీభవ పేరుతో, కేంద్రం 6,000 కలుపుకొని, 20,000 రూపాయలు ఇస్తున్నారు. ఆ రోజు తొలి విడతగా 7,000 రూపాయలు జమ అయితే అందులో 5,000 రాష్ట్రానివి, 2,000 కేంద్రానివి. నవంబరు 19న రెండవ విడత కూడా అదే లెక్కన పడింది. రెండు సొమ్ములూ ఒకే రోజున పడుతున్నందున రైతులు ఒకటే పథకం అనుకుంటారు. కానీ అర్హత నిబంధనలు వేరు, జాబితాలు వేరు, ఫిర్యాదు చేయవలసిన చోట్లూ వేరు. కాబట్టి దరఖాస్తు రాసేటప్పుడు పథకం పేరు, ఆర్థిక సంవత్సరం, వాయిదా సంఖ్య మూడూ రాయకపోతే వచ్చే సమాధానం మీకు పనికిరాదు.

ఇవి కాక రాయితీల జాబితాలు మరికొన్ని ఉన్నాయి: వరదలకు, తుపానులకు పంట పోయినప్పుడు ఇచ్చే పెట్టుబడి రాయితీ, రాయితీ విత్తనాలు, యంత్ర పరికరాలు, డ్రిప్పు. తుళ్లూరు వైపు రాజధానికి భూసమీకరణలో భూమి ఇచ్చిన వారికి మెట్టకు ఎకరాకు 30,000, జరీబుకు (నది పక్కన నీటి వసతి ఉన్న సారవంతమైన భూమికి) 50,000 రూపాయలతో మొదలై ఏటా పెరుగుతూ వచ్చిన వార్షిక కౌలు మరొక పెద్ద పద్దు. దిగువ చెప్పే పద్ధతి వీటన్నిటికీ వర్తిస్తుంది; మారేది కార్యాలయం ఒక్కటే. ఎరువుల రాయితీ మాత్రం ఈ కోవలోకి రాదు. యూరియా బస్తా మీద ప్రభుత్వం భరించే సొమ్ము దుకాణంలో మన వేలిముద్ర పడిన తరువాత కంపెనీకి చేరుతుంది తప్ప రైతు ఖాతాకు రాదు. అందువల్ల, ఖజానా మీద పీఎం కిసాన్ కన్నా చాలా పెద్ద భారమే అయినా, అక్కడ "మన ఊళ్లో ఎవరికి ఎంత" అన్న జాబితా దొరకదు.

కార్యాలయానికి వెళ్లే ముందు చూడవలసినవి

పీఎం కిసాన్ పోర్టల్‌లో లబ్ధిదారుల జాబితా అందరికీ అందుబాటులో ఉంటుంది. లాగిన్ అక్కరలేదు, ఓటీపీ అక్కరలేదు. రైతుల విభాగంలో 'బెనిఫిషియరీ లిస్ట్' తెరిచి రాష్ట్రం, జిల్లా, ఉపజిల్లా, బ్లాకు, గ్రామం ఎంచుకుంటే పేర్లు వరుసగా వస్తాయి. అక్కడే డ్యాష్‌బోర్డులో గ్రామం మొత్తానికి సంబంధించిన అంకెలు కూడా కనిపిస్తాయి. ఊరు కనిపించకపోతే వెంటనే నిరాశపడవద్దు. మన ఊళ్ల పేర్లను ఇంగ్లీషు అక్షరాలలో ఎవరి ఇష్టం వచ్చినట్లు వారు రాశారు కనుక జాబితాలో అటూ ఇటూ వెతకాలి. రెవెన్యూ గ్రామం, పంచాయతీ వేరువేరుగా ఉన్న చోట రెవెన్యూ గ్రామం పేరుతో చూడాలి.

ఆ జాబితాలో పేరు, స్త్రీ పురుష భేదం తప్ప పెద్దగా ఏమీ ఉండదు. తండ్రి పేరు లేకుండా, ఖాతా నంబరు లేకుండా, ఇంటిపేరు పొడి అక్షరంగా మారిన పేర్ల వరుసను పట్టుకుని "ఫలానా వెంకటేశ్వరరావు ఉద్యోగి కదా, ఈయనకెందుకు వచ్చింది" అనడం ప్రమాదం. తెనాలి డివిజన్‌లో ఏ ఊరు తీసుకున్నా నలుగురు వెంకటేశ్వరరావులు, ముగ్గురు సాంబశివరావులు ఉంటారు. పోర్టల్ జాబితాను ఊరిలో మొత్తం ఎందరు ఉన్నారో తెలుసుకోవడానికి, మీ పేరు ఉందో లేదో చూసుకోవడానికి, తరువాత అడగబోయే వివరమైన జాబితాతో సరిపోల్చడానికి వాడుకోండి. ఒకరి మీద వేలు చూపడానికి మాత్రం అది చాలదు. చూసిన రోజు తేదీతో సహా ఒక ప్రతిని తీసి ఉంచండి. జాబితా మారుతూ ఉంటుంది. నిరుడు ఉన్న పేరు ఈ ఏడు లేకపోవడం కూడా ఒక సమాచారమే.

అన్నదాత సుఖీభవ పోర్టల్ ఇందుకు భిన్నం. అక్కడ ఒక్కొక్క రైతు తన ఆధార్ నంబరు కొట్టి తన స్థితిని మాత్రమే చూసుకోగలడు. 155251 నంబరుకు ఫోను చేసినా, మన మిత్ర వాట్సాప్ సేవలో అడిగినా తెలిసేది అదే. పీఎం కిసాన్‌కు సంబంధించినదైతే 155261. ఇవన్నీ మొదటి ప్రశ్నకు, అంటే "నాకు పడలేదు" అన్న దానికి, జవాబు చెప్పే మార్గాలు. సాధారణంగా తేలే కారణాలు కూడా కొన్నే: ఈ-కేవైసీ (ఆధార్ ద్వారా గుర్తింపు ధ్రువీకరణ) పూర్తి కాకపోవడం, బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం లేకపోవడం, వెబ్‌ల్యాండ్ అనే రెవెన్యూ శాఖ ఆన్‌లైన్ భూ రికార్డులో భూమి మీ పేరున ఎక్కకపోవడం, తండ్రి పోయినా ఖాతా ఇంకా ఆయన పేరునే ఉండడం. వీటికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టడం దోమను కొట్టడానికి రోకలి ఎత్తినట్లే. రైతు సేవా కేంద్రంలో గ్రామ వ్యవసాయ సహాయకుడిని అడిగితే తన లాగిన్‌లో చూసి చెబుతాడు.

ఇక గోడ మీద అంటించే జాబితా సంగతి. పీఎం కిసాన్ అమలు మార్గదర్శకాలలోనే అర్హుల జాబితాలను గ్రామ స్థాయిలో ప్రచురించాలని, అర్హత ఉండీ పేరు రాని వారికి చెప్పుకునే అవకాశం ఇవ్వాలని ఉంది. ఈ-పంట నమోదు (ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పంట వేశారన్న నమోదు) తరువాత ముసాయిదా జాబితాను సామాజిక తనిఖీ కోసం రైతు సేవా కేంద్రంలో ప్రదర్శించే పద్ధతి కూడా మనకు ఉన్నదే. కాబట్టి మొదట గ్రామ సచివాలయానికో రైతు సేవా కేంద్రానికో వెళ్లి "జాబితా ఎక్కడ అంటించారు?" అని మర్యాదగా అడగండి. ఉంటే ఫోటో తీసుకోండి. లేకపోతే "అంటించిన తేదీ, తీసివేసిన తేదీ" అన్నవే మీ దరఖాస్తులో ఒక ప్రశ్నగా మారతాయి. ఉపాధి హామీ పథకంలో మస్టర్లను (కూలీల హాజరు పట్టికలను) ఊరి మధ్యలో చదివి వినిపించే సామాజిక తనిఖీని దేశంలో ముందుగా పెద్ద ఎత్తున నడిపిన రాష్ట్రం మనది. కూలీ డబ్బుకు ఉన్న ఆ అలవాటు రైతు సాయానికి అంతగా అబ్బలేదు.

దరఖాస్తు ఎవరికి, ఎలా

పీఎం కిసాన్ కేంద్ర పథకం కదా అని చాలామంది ఢిల్లీకి రాస్తారు. అక్కరలేదు. లబ్ధిదారులను గుర్తించే బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిదేనని మార్గదర్శకాలు చెబుతున్నాయి కనుక కాగితాలు మన మండలంలోనే ఉంటాయి. మండల వ్యవసాయ అధికారి కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి దరఖాస్తు పెట్టడం సులువైన మార్గం. పొరపాటున వేరే కార్యాలయానికి పెట్టినా, సమాచార హక్కు చట్టంలోని 6(3) ప్రకారం వారు దానిని 5 రోజులలోగా సరైన కార్యాలయానికి బదిలీ చేయాలి తప్ప తిప్పి పంపకూడదు.

జిల్లాల విభజన ఇక్కడ ఒక చిక్కు తెచ్చిపెట్టింది. 2022 ఏప్రిల్ 4న పాత గుంటూరు జిల్లా గుంటూరు, పల్నాడు, బాపట్ల జిల్లాలుగా, పాత కృష్ణా జిల్లా ప్రధానంగా కృష్ణా, ఎన్టీఆర్ జిల్లాలుగా మారాయి. మీరు అడిగేది 2019 నుంచి 2022 వరకు ఉన్న కాలానికి సంబంధించినదైతే దరఖాస్తులో "అప్పటి ఉమ్మడి గుంటూరు జిల్లా" అని స్పష్టంగా రాయండి. లేకుంటే పల్నాడు జిల్లా కేంద్రమైన నరసరావుపేట వారు గుంటూరు వైపు, గుంటూరు వారు నరసరావుపేట వైపు చూపిస్తారు.

రుసుము పెద్ద భారం కాదు. రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామ స్థాయి కార్యాలయానికి పెట్టే దరఖాస్తుకు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు. ఆపై కార్యాలయాలకు 10 రూపాయలు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారు ఆధారం జత చేస్తే ఏ స్థాయిలోనూ కట్టనక్కరలేదు. ప్రతులకు మామూలు సైజు పేజీకి 2 రూపాయలు. నా సలహా ఏమిటంటే దరఖాస్తును స్వయంగా తీసుకుని వెళ్లి, రుసుము కట్టి రసీదు తీసుకుని, రెండవ ప్రతి మీద తేదీతో కూడిన ముద్ర, సంతకం వేయించుకోవాలి. ముద్ర వేయడానికి వెనుకాడితే అక్కడ వాదన పెట్టుకోకుండా స్పీడ్ పోస్టులో పంపి, చేరినట్లు వచ్చే ఆధారాన్ని దాచుకోండి. 30 రోజుల గడువు లెక్కించడానికి ఆ తేదీయే ప్రాణం.

దరఖాస్తులో కారణం చెప్పనక్కరలేదు. 6(2) ఆ మాటే చెబుతుంది. "అవినీతి జరుగుతోంది", "అనర్హులు దోచుకుంటున్నారు" వంటి వాక్యాలు అసలే రాయవద్దు. అవి సమాచారం అడిగే దరఖాస్తును ఆరోపణగా మార్చి, అవతలివారికి బిగుసుకుపోవడానికి సాకు ఇస్తాయి. "ఎందుకు ఇచ్చారు?" అన్న ప్రశ్న కూడా వద్దు. చట్టం కింద దొరికేది కార్యాలయం దగ్గర రికార్డుగా ఉన్న సమాచారమే; అధికారి మనసులోని అభిప్రాయం కాదు. దిగువ నమూనాను మీ ఊరికి తగినట్లు మార్చుకోవచ్చు.

"పౌర సమాచార అధికారి, మండల వ్యవసాయ అధికారి కార్యాలయం, ............ మండలం, ............ జిల్లా వారికి. సమాచార హక్కు చట్టం, 2005 సెక్షన్ 6(1) కింద దరఖాస్తు. ............ రెవెన్యూ గ్రామానికి సంబంధించి, ............ ఆర్థిక సంవత్సరంలో, ............ పథకం కింద, ............ వాయిదాలో సాయం పొందిన వారి జాబితాను ఇవ్వగోరుచున్నాను. అందులో లబ్ధిదారుని పేరు, తండ్రి లేక భర్త పేరు, భూమి విస్తీర్ణం, పట్టాదారా కౌలు రైతా అన్న వివరం, జమ అయిన మొత్తం, జమ అయిన తేదీ ఉండవలెను. ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతా నంబర్లు, ఫోను నంబర్లు నాకు అవసరం లేదు. అవి ఉన్నచో సెక్షన్ 10 ప్రకారం తొలగించి మిగిలినది ఇవ్వగలరు. అదే గ్రామంలో అనర్హులుగా తిరస్కరించిన దరఖాస్తుల సంఖ్యను కారణాల వారీగా ఇవ్వగలరు. జాబితాను గ్రామంలో ప్రదర్శించిన చోటు, తేదీలు తెలిపే రికార్డు ప్రతిని ఇవ్వగలరు. ఈ గ్రామంలో భౌతిక తనిఖీ జరిపిన లబ్ధిదారుల సంఖ్య, తనిఖీ నివేదిక ప్రతులను ఇవ్వగలరు. ఈ సమాచారం చట్టంలోని సెక్షన్ 4(1)(బి) 12వ అంశం కింద కార్యాలయమే స్వయంగా వెల్లడించవలసిన సమాచారమని మనవి."

ఇందులో రెండు వాక్యాల గురించి కొంచెం చెప్పాలి. భౌతిక తనిఖీ గురించిన ప్రశ్న ఎవరూ అడగరు. నిజానికి అది చాలా విలువైనది. పీఎం కిసాన్‌లో మొదట రైతు ఇచ్చే స్వీయ ధ్రువీకరణ మీదనే పేర్లు ఎక్కాయి కనుక ఏటా లబ్ధిదారులలో 5 శాతం మందిని క్షేత్రంలో తనిఖీ చేయాలన్న నియమం పెట్టారు. ఆ నివేదికలు ఉంటే జాబితా నాణ్యత మీకు తెలుస్తుంది. లేవని జవాబు వస్తే అదీ తెలిసినట్లే.

ఆఖరి వాక్యం మొత్తం దరఖాస్తుకు ఇరుసు. చట్టంలో 4(1)(బి) 12వ అంశం రాయితీ కార్యక్రమాల అమలు తీరును, కేటాయించిన మొత్తాలను, లబ్ధిదారుల వివరాలను ఎవరూ అడగకముందే ప్రభుత్వ కార్యాలయాలు ప్రచురించాలని ఆదేశిస్తుంది. అంటే మీరు గోప్యమైన ఫైలును బయటపెట్టమని కోరడం లేదు. ఇప్పటికే బయట ఉండవలసిన జాబితాను చేతికి ఇమ్మంటున్నారు. ఈ తేడా ఎందుకు ముఖ్యమో ఇప్పుడు చూద్దాం.

"ఇది వ్యక్తిగత సమాచారం" అన్న జవాబు వస్తే

వస్తుందనే అనుకోండి. సమాచార హక్కు చట్టంలో 8(1)(జె) అనే మినహాయింపు ఉంది. పూర్వం అది ప్రజా కార్యకలాపాలతో సంబంధం లేని, లేదా వ్యక్తి ఏకాంతంలోకి (గోప్యతలోకి) అకారణంగా చొరబడే వ్యక్తిగత సమాచారాన్ని మాత్రమే ఆపేది. విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే ఆ అడ్డు కూడా తొలగేది. శాసనసభకు ఇవ్వదగినదేదీ పౌరుడికి నిరాకరించరాదన్న మాట కూడా అక్కడే ఉండేది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఈ షరతులన్నిటినీ కొట్టివేసి, "వ్యక్తిగత సమాచారానికి సంబంధించినది" అన్న ఒక్క ముక్క మిగిల్చింది. ఆ సవరణ 2025 నవంబరులో అమలులోకి వచ్చింది. అప్పటి నుంచి పేరు ఉన్న ఏ కాగితం అడిగినా ఈ సెక్షన్ చూపించడం తేలికైంది.

అయినా తలుపు పూర్తిగా మూసుకోలేదు. ఆ సవరణ 4(1)(బి) 12వ అంశాన్ని తాకలేదు; రాయితీ లబ్ధిదారుల వివరాలు ప్రచురించవలసిన బాధ్యత అక్షరం మారకుండా అలాగే ఉంది. 8(2) కూడా ఉంది: వెల్లడి వల్ల కలిగే ప్రజా ప్రయోజనం రక్షించదలచిన ప్రయోజనానికి కలిగే హాని కన్నా ఎక్కువైతే, మినహాయింపు ఉన్నా సమాచారం ఇవ్వవచ్చు. సెక్షన్ 10 ప్రకారం ఇవ్వకూడని భాగాన్ని చెరిపివేసి మిగిలినది ఇవ్వాలి. కేంద్ర ప్రభుత్వమే పీఎం కిసాన్ పేర్లను గ్రామాల వారీగా తన పోర్టల్‌లో ఉంచింది కదా అన్న వాదన కూడా మీ చేతిలో ఉంది. మీరు పోర్టల్ నుంచి తీసి ఉంచిన ప్రతిని మొదటి అప్పీలుకు జత చేయండి. మొదటి అప్పీలు, తిరస్కరణ అందిన నాటి నుంచి లేదా 30 రోజుల గడువు ముగిసిన నాటి నుంచి 30 రోజులలో, అదే శాఖలోని పై అధికారికి పెట్టాలి. ఆయన 30 రోజులలో, కారణాలు రాసి మరికొంత వ్యవధి తీసుకుంటే మొత్తం 45 రోజులలో తేల్చాలి. అక్కడా న్యాయం జరగకపోతే 90 రోజులలో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండవ అప్పీలు. కమిషన్ దగ్గర కాలం పడుతుంది. అందుకే ఎక్కువ శ్రద్ధ మొదటి అప్పీలు మీద పెట్టమంటాను. నేను రాసి ఇచ్చిన దరఖాస్తుల్లో ఒక మండల కార్యాలయం ముందు "వ్యక్తిగతం" అని ఒకే వాక్యంతో తిరస్కరించి, 12వ అంశాన్ని ప్రస్తావించిన అప్పీలు చేరాక ఆధార్ గడి చెరిపిన జాబితాను పంపిన సందర్భం ఉంది.

ఏకాంతం గురించిన అభ్యంతరాన్ని మనమూ తేలికగా తీసుకోకూడదు. 2017లో ఒక పరిశోధనా సంస్థ నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో కోట్ల ఆధార్ నంబర్లు బహిరంగంగా కనిపిస్తున్నాయని చూపింది. వాటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వే. అది పారదర్శకత కాదు, నిర్లక్ష్యం. ఐరోపాలో ఇదే తగాదా న్యాయస్థానం దాకా వెళ్లింది. అక్కడ వ్యవసాయ రాయితీలు పొందిన ప్రతి ఒక్కరి పేరూ మొత్తంతో సహా ప్రచురించేవారు. జర్మనీ రైతులు సవాలు చేయగా, 2010 నవంబరు 9న ఐరోపా సమాఖ్య న్యాయస్థానం మొత్తం ఎంత, ఎంతకాలం పొందారు అన్న విచక్షణ లేకుండా వ్యక్తులందరి పేర్లనూ బయటపెట్టడం మితిమీరిన పని అని ఆ నిబంధనలను కొట్టివేసింది. కానీ కథ అక్కడ ఆగలేదు. 2013లో కొత్త నిబంధనలు తెచ్చి, చిన్న మొత్తాలు పొందిన వారి పేర్లను మినహాయించి, మిగిలిన పేర్లను తిరిగి ప్రచురించడం మొదలుపెట్టారు. మన దగ్గర సాయం అందరికీ ఒకటే మొత్తం కనుక ఆ గీత ఇక్కడ పనిచేయదు. ఇక్కడ గీయవలసిన గీత మరొకటి: పేరు, తండ్రి పేరు, విస్తీర్ణం, మొత్తం చాలు. భూమి విస్తీర్ణం 1బి అనే పట్టాదారుల పట్టికలో, అడంగల్ అనే సాగు రికార్డులో ముందే అందరూ చూడగలిగినది. దానిని మించి ఒక్క గడి కూడా అడగకపోవడం మీ దరఖాస్తుకు బలం.

జాబితా ఇంకా రాకపోతే మరొక దారి ఉంది. 2(జె) కింద రికార్డులను స్వయంగా పరిశీలించే హక్కు ఉంది; మన రాష్ట్రంలో మొదటి గంట ఉచితం, ఆపైన ప్రతి 15 నిమిషాలకు 5 రూపాయలు. పెద్ద ఊళ్ల జాబితాలకు ఇదే మేలని నా అభిప్రాయం. ఇద్దరు కలిసి వెళ్లి, ఒకరు చదువుతుంటే ఒకరు రాసుకోవచ్చు.

జాబితా చేతికి వచ్చాక

ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి కనుక కొంచెం నిదానంగా చెబుతాను. జాబితాలో "అన్యాయం"గా కనిపించే పేర్లలో చాలా వాటికి చట్టబద్ధమైన వివరణ ఉంటుంది. ఉదాహరణకు ఒకే ఇంట్లో తండ్రికీ పెద్ద కొడుక్కీ సాయం వచ్చిందనుకోండి. పీఎం కిసాన్ లెక్కలో కుటుంబం అంటే భార్య, భర్త, మైనరు పిల్లలు. మేజరైన కొడుకు పేరున విడిగా భూమి ఉంటే అతనిది వేరే కుటుంబమే. అదే భార్యాభర్తలు ఇద్దరి పేర్లూ ఉంటే అది నిజంగా ప్రశ్నించదగినది. అలాగే ప్రభుత్వ ఉద్యోగి అనర్హుడు, కానీ నాలుగవ తరగతి సిబ్బందికి ఆ నిషేధం లేదు. పింఛను పొందేవాడు అనర్హుడు అనేస్తారు. నెలకు 10,000 రూపాయలు లేదా అంతకు మించి పింఛను ఉంటేనే ఆ నియమం. క్రితం మదింపు సంవత్సరంలో ఆదాయ పన్ను చెల్లించినవారు, పదవిలో ఉన్న లేదా మాజీ మంత్రులు, ఎంపీలు, ఎమ్మెల్యేలు, మేయర్లు, జిల్లా పరిషత్తు అధ్యక్షులు, వృత్తిలో ఉన్న వైద్యులు, ఇంజనీర్లు, న్యాయవాదులు, చార్టర్డ్ అకౌంటెంట్లు, సంస్థల పేరున భూమి ఉన్నవారు అనర్హులు. భూమి 2019 ఫిబ్రవరి 1 నాటికి పేరున ఉండాలి. ఆ తరువాత కొన్న భూమికి రాదు, తండ్రి మరణంతో వారసత్వంగా వచ్చిన భూమికి వస్తుంది.

అనర్హులు లేరని కాదు. 2021 ఆరంభంలో సమాచార హక్కు కింద కేంద్ర వ్యవసాయ శాఖ ఇచ్చిన జవాబు ప్రకారం 20.48 లక్షల మంది అనర్హులకు 1,364 కోట్ల రూపాయలు చేరాయి; వారిలో సగానికి పైగా ఆదాయ పన్ను చెల్లించేవారు. గమనించండి, ఈ అంకె కూడా ఒక పౌరుడు దరఖాస్తు పెడితేనే బయటకు వచ్చింది. ఆ తరువాతే ఈ-కేవైసీ, భూమి రికార్డుల అనుసంధానం గట్టిపడ్డాయి. అయితే గట్టిపడిన జల్లెడ అనర్హులతో పాటు అర్హులను కూడా పారబోస్తుంది. అందుకే నమూనాలో తిరస్కరణల సంఖ్యను కారణాలతో సహా అడగమన్నాను. ఊరిలో పది మంది అనర్హులు దొరకడం కన్నా, వెబ్‌ల్యాండ్ తప్పు వల్ల నలభై మంది అర్హులు పోయారని తేలడం పెద్ద వార్త.

చదివే వరుస ఇలా ఉంటే మంచిది. మొదట జాబితాలోని మొత్తం సంఖ్యను పోర్టల్ అంకెతో పోల్చండి. తరువాత 'మీ భూమి' అనే ప్రభుత్వ పోర్టల్‌లోనో సచివాలయంలోనో తీసుకున్న గ్రామ 1బితో పేర్లను, తండ్రి పేర్లతో సహా, సరిచూడండి. 1బిలో లేని పేరు కనిపిస్తే గుర్తు పెట్టుకోండి. చనిపోయిన వారి పేర్లను ఊరి పెద్దలను అడిగి గుర్తించండి. సొమ్ము జమ అయిన తేదీ మరణం తరువాతిదైతేనే అది తప్పు. ఆ తరువాత ఈ-పంట జాబితా తీసుకుని మూడవ వరుసగా పక్కన పెట్టండి. అప్పుడు కనిపిస్తుంది అసలు సంగతి.

దుగ్గిరాల పసుపు చేలలో, ప్రత్తిపాడు వైపు మిరప చేలలో తిరిగిన వారికి ఇది కొత్త కాదు. సాయం పొందిన పేరు విజయవాడలోనో హైదరాబాదులోనో ఉంటున్న పట్టాదారుది. పంట వేసినట్లు ఈ-పంటలో ఉన్న పేరు కౌలు రైతుది. పీఎం కిసాన్‌లో కౌలు రైతుకు చోటే లేదు కనుక పట్టాదారుకు సొమ్ము పడడం చట్టప్రకారం తప్పు కాదు. రాష్ట్ర సాయానికి కౌలు కార్డు ఆధారం; 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద 11 నెలలకు ఇచ్చే ఆ కార్డుకు భూమి యజమాని సంతకం కావాలి; యజమాని సంతకం పెట్టడు. ఏ అధికారినీ తప్పు పట్టలేని, ఏ పేరునూ కొట్టివేయలేని అన్యాయం ఇది. దీనిని బయటపెట్టగలిగేది రెండు జాబితాల మధ్య తేడా మాత్రమే. కాబట్టి మీ గ్రామంలో ఎన్ని కౌలు కార్డులు ఇచ్చారు, కార్డు ఉన్నవారిలో ఎందరికి సాయం పడింది, ఈ-పంటలో పట్టాదారు కాక వేరొకరు సాగుదారుగా నమోదైన సర్వే నంబర్లు ఎన్ని అన్న మూడు అంకెలను విడిగా మరొక దరఖాస్తులో అడగండి. ఇవి అంకెలే, పేర్లు కావు. వ్యక్తిగత సమాచారమని ఎవరూ అనలేరు. గ్రామ సభలో నిలబడి చదవడానికి పేర్ల జాబితా కన్నా ఈ మూడు అంకెలే బాగా పనికివస్తాయి.

అనుమానం గట్టిగా నిలిచిన పేర్లు చివరికి మిగిలితే వాటిని వీధిలో, వాట్సాప్ గుంపులలో పెట్టవద్దు. మీ లెక్క తప్పయితే పరువు నష్టం మీ మెడకు చుట్టుకుంటుంది; ఒప్పయినా ఊళ్లో పగ మిగులుతుంది. పేరు, తండ్రి పేరు, జాబితాలో క్రమ సంఖ్య, ఏ నిబంధన ప్రకారం అనర్హత అన్నది ఒక్కొక్క వాక్యంలో రాసి మండల వ్యవసాయ అధికారికి విచారణ కోరుతూ అర్జీ ఇవ్వండి. స్పందన లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో నమోదు చేయించి అర్జీ సంఖ్య తీసుకోండి. మీకు తెలిసినవారే తెలియక తీసుకుని ఉంటే అంత దూరం కూడా వెళ్లనక్కరలేదు. పీఎం కిసాన్ పోర్టల్‌లో సాయాన్ని స్వచ్ఛందంగా వదులుకోవడానికి ఒకటి, తీసుకున్న సొమ్మును తిరిగి జమ చేయడానికి ఒకటి, రెండు వేరువేరు ఎంపికలు ఉన్నాయి. జమ చేసిన రసీదు ప్రతిని మండల కార్యాలయంలో ఇచ్చి, రెండవ ప్రతి మీద ముద్ర వేయించుకుని ఉంచుకోమని చెప్పండి.